ఆంగ్లపదాల పుట్టుక - జేమ్స్ మర్రే నిఘంటు జీవితం

నిఘంటు నిర్మాణం భారతదేశంలో అతిప్రాచీనమైన శాస్త్రం. యాస్కుడు వైదికపదాలకు ధాతువులను అన్వేషించాడు. అమరసింహుడు పర్యాయపదాలను వర్గాలుగా కూర్చి లింగనిర్ణయం చేశాడు. అయితే ప్రతి పదానికీ ఒక జన్మకాలం ఉంటుందని, దానిని లిఖిత సాక్ష్యంతో నిరూపించాలని, ఆ పదం శతాబ్దాల పొడవునా పొందిన రూపార్థ పరిణామాలను క్రమంగా చూపాలని పట్టుబట్టిన పద్ధతి 19వ శతాబ్దిలో ఐరోపాలో స్థిరపడింది. ఆంగ్లభాషకు ఆ పద్ధతిలో మహానిఘంటువును నిర్మించే భారాన్ని ముప్ఫై ఆరు సంవత్సరాలు మోసి, గ్రంథసమాప్తిని చూడకుండానే కన్నుమూసిన విద్వాంసుడు జేమ్స్ అగస్టస్ హెన్రీ మర్రే. నిత్యవ్యవహారంలోని సామాన్య నామవాచకాలు ఎంత విచిత్రమైన మార్గాలలో ఏర్పడతాయో నిరూపించి, ఆ మార్గాలకు శాస్త్రీయ నామకరణం చేసిన ఘనత కూడా ఆయనదే.

బాల్యం - విద్యాభ్యాసం

మర్రే 1837 ఫిబ్రవరి 7న దక్షిణ స్కాట్లండులో హాయిక్ పట్టణ సమీపంలోని డెన్‌హోమ్ అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ మర్రే దర్జీ వృత్తితో కుటుంబాన్ని పోషించేవారు. పేదరికం కారణంగా పద్నాలుగవ ఏటనే జేమ్స్ పాఠశాల చదువు ముగిసింది. కాని ఆయన విద్యాభ్యాసం అంతటితో ఆగలేదు. భాషలు, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం, పురావస్తు పరిశీలన మొదలైన విషయాలలో స్వయంకృషితో పాండిత్యం సంపాదించారు. పదిహేడవ ఏట హాయిక్‌లో సహాయోపాధ్యాయుడై, ఇరవయ్యవ ఏటనే ఆ ఊరి అకాడమీకి ప్రధానోపాధ్యాయులయ్యారు.

1862లో సంగీతోపాధ్యాయిని మాగీ స్కాట్‌ను వివాహమాడారు. రెండేళ్లకు కలిగిన పసిబిడ్డ శైశవంలోనే మరణించింది. భార్యకు క్షయవ్యాధి సోకగా, స్కాట్లండు చలి ఆమెకు సరిపడదని వైద్యులు చెప్పడంతో ప్రీతిపాత్రమైన ఉపాధ్యాయవృత్తిని వదలి లండను చేరారు. అక్కడ చార్టర్డ్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అయినా మాగీ బతకలేదు. 1865లో ఆమె మరణించింది. 1867లో ఎడా రుత్వెన్‌తో ద్వితీయ వివాహం జరిగింది. ఆ వివాహంలో వరునికి తోడుగా నిలిచినవాడు అనంతరకాలంలో టెలిఫోను నిర్మాతగా లోకప్రసిద్ధుడైన అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్. ఈ దంపతులకు పదకొండుమంది సంతానం.

బ్యాంకు ఉద్యోగకాలంలోనే ఆయన బ్రిటిష్ మ్యూజియంలో ఉద్యోగానికి దరఖాస్తు చేశారు. లాటిను శాఖకు, జర్మానిక్ శాఖకు చెందిన భాషలతో పాటు తులనాత్మక అధ్యయనానికి అవసరమైనంత పారశీకం, సంస్కృతం కూడా తనకు తెలుసునని అందులో విన్నవించారు. ఆ ఉద్యోగం లభించలేదు. 1870లో లండను సమీపాన ఉన్న మిల్‌హిల్ పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. 1873లో దక్షిణ స్కాట్లండు మండలాల మాండలికంపై ఆయన ప్రకటించిన గ్రంథం పండితలోకంలో ఆయన స్థానాన్ని సుస్థిరం చేసింది. లండను విశ్వవిద్యాలయ పట్టం ఆయనకు ఆ సంవత్సరమే లభించింది. విశ్వవిద్యాలయ పట్టం కంటె ముందే పాండిత్యం సిద్ధించిన కోవకు చెందినవారు మర్రే.

నిఘంటు భారం

ఆంగ్ల నిఘంటువులలోని లోపాలను వివరిస్తూ 1857లో రిచర్డ్ ట్రెంచ్ ఫిలలాజికల్ సొసైటీలో చేసిన ప్రసంగాలు ఈ మహాప్రయత్నానికి బీజం. తొలి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిడ్జ్ 1861లో ముప్ఫై ఏళ్ల వయసులోనే మరణించగా, ఫర్నివాల్ ఆ బాధ్యత స్వీకరించారు. ఉత్సాహవంతుడైనా ఆయనకు నిలకడ తక్కువ. పని మందగించింది. చివరకు 1879 మార్చి 1న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి, సొసైటీకి ఒప్పందం కుదిరి మర్రే సంపాదకులయ్యారు. పదేళ్లలో సుమారు 7000 పుటల గ్రంథం పూర్తి కావాలని అంచనా.

ఫర్నివాల్ నుండి వచ్చిన ఉల్లేఖన చీటీల బరువు రెండు టన్నుల దాకా ఉండెను. ఒక సంచిలో చచ్చిన ఎలుక, మరొక సంచిలో పిల్లలతో కాపురం పెట్టిన చుంచు కనిపించాయి. హెచ్ అక్షరపు చీటీలు ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో దొరికాయి. పీఏతో మొదలయ్యే పదాల చీటీలు ఐర్లండులో పొయ్యి రాజేయడానికి ఖర్చు కాగా కొద్దిపాటి మాత్రమే మిగిలాయి. మర్రే మిల్‌హిల్ పాఠశాల ఆవరణలో ఒక ఇనుపరేకుల షెడ్డు వేయించి, 1029 గూళ్లు అమర్చి, దానికి లేఖనశాల అనే అర్థంలో స్క్రిప్టోరియం అని పేరు పెట్టారు. వేయిమంది చదువరులు కావాలని ప్రకటన వెలువరించారు. ఏ పుస్తకంలోనైనా విశేషంగా తోచిన పదాన్ని చీటీ ఎడమపై మూల వ్రాసి, దాని క్రింద గ్రంథనామం, సంవత్సరం, పుట, వాక్యం వ్రాసి పంపవలసిందని కోరారు. ఇంగ్లండు, అమెరికా మొదలైన దేశాల నుండి లక్షలాది చీటీలు వచ్చిపడ్డాయి. మర్రే పిల్లలు చేతిఖర్చు డబ్బులకై వాటిని అక్షరక్రమంలో సర్దుతూ పెరిగారు. ఎల్సీ, రాస్‌ఫ్రిత్ అనే కుమార్తెలిద్దరు తరువాత నిఘంటు సిబ్బందిలోనే పనిచేశారు.

సామాన్య పదాలు - అసామాన్య చరిత్రలు

ఏ అక్షరంతో పని ప్రారంభం కాగానే సంపాదకునికి ఎదురైన చిక్కు గ్రాంథికపదాలది కాదు, వంటింటిలో, వీధిలో నలిగే పదాలది. వంటచేసేటప్పుడు ఒంటిపై కట్టుకొనే వస్త్రానికి ఆంగ్లంలో ఏప్రన్ అని పేరు. ఫ్రెంచి నుండి వచ్చిన దీని పూర్వరూపం నేప్రన్. ఎ నేప్రన్ అనే రెండు మాటలను ఉచ్చారణలో కలిపి పలకగా, వినేవారు ఏన్ ఏప్రన్ అని విడదీశారు. నకారం పదాన్ని వదలి ముందున్న ఉపపదంలో చేరిపోయింది. భోజనవేళ వాడే నేప్‌కిన్‌లో మాత్రం అదే కుటుంబపు నకారం ఈనాటికీ నిలిచి ఉన్నది. పాముకు పేరైన ఏడర్ కూడా ఒకప్పుడు నకారాదియే. ఇందుకు విపరీతంగా, ఏన్ ఈక్‌నేమ్ అంటే అదనపు పేరు అనే మాట తప్పుగా విడిపోయి, ఉపపదంలోని నకారాన్ని తనలో కలుపుకొని నిక్‌నేమ్ అయింది. సంహితాపాఠం నుండి పదపాఠం చేసే విద్యలో ఆరితేరినవారికి ఇందలి రహస్యం సులభగ్రాహ్యం. పదచ్ఛేదం తప్పితే కొత్తపదం పుడుతుంది.

వచనభ్రాంతి వలన పుట్టిన నామాలు మరొక తెగ. బఠాణీకి పూర్వం పీజ్ అనేది ఏకవచనం. చివరి ధ్వని ఆంగ్ల బహువచన ప్రత్యయాన్ని తలపించడంతో దానిని బహువచనంగా భావించి, 17వ శతాబ్దిలో పీ అనే ఏకవచనాన్ని సృష్టించారు. చెరీ పండు చరిత్ర కూడా ఇట్టిదే. ఫ్రెంచి చెరీజ్‌లోని అంత్యవర్ణాన్ని బహువచన చిహ్నంగా పొరపడి తొలగించారు.

పదాది అచ్చు లోపించడం ఇంకొక మార్గం. ఎస్క్వైర్ నుండి స్క్వైర్, ఎక్యూట్ నుండి క్యూట్ ఏర్పడ్డాయి. ఈ మార్పుకు 1880లో మర్రే గ్రీకుమూలం నుండి ఎఫిసిస్ అనే సంజ్ఞ కల్పించారు. తెలుగువారి నోట స్కూలు ఇస్కూలుగా, స్టేషను ఇస్టేషనుగా మారేటప్పుడు ఇందుకు సరిగ్గా ఎదురు ప్రక్రియ జరుగుతున్నది. అక్కడ పోయిన అచ్చు ఇక్కడ ఆగమంగా వచ్చి చేరుతున్నది.

తెలియని శబ్దానికి తెలిసిన అర్థాన్ని అంటగట్టడం ఇంకను విచిత్రమైనది. ఇంటికి ఆనించి దింపిన చూరుకు ఫ్రెంచిలో ఆపెంతీ అని పేరు. ఆంగ్లంలో ఆద్యచ్చు పోయి పెంటిస్ అయింది. ఇంటిని ఆనుకొని ఉన్నది గనుక చివరి భాగం హౌస్ కావాలని జనం నిర్ణయించారు. పెంట్‌హౌస్ పుట్టింది. క్రేఫిష్ అనే జలచరం పేరులో మొదట ఫిష్ లేదు, క్రెవిస్ అనే ఫ్రెంచి పదమే ఉన్నది. హిందీలోని మూడు సంఖ్యకు కాలు అనే అర్థం గల పారశీక పదం చేరి ముక్కాలి బల్లకు ఏర్పడిన పేరు ఆంగ్లంలో టీపాయ్ అయింది. తేనీటి పాత్రలను దానిపై ఉంచడం అలవాటు కావడంతో మొదటి భాగాన్ని తేయాకుగా భావించారు. ఆ భ్రాంతి బల్లకు సార్థకనామాన్నే ఇచ్చింది.

ఈ సందర్భంలో తెలుగు నుండి చేరిన బాండికూట్ పేర్కొనదగినది. అది పందికొక్కు. ఆంగ్లంలోకి వెళ్లిన తరువాత పంది, కొక్కు అనే రెండు అవయవాలు ఎవరికీ తెలియకుండా కరిగిపోయి ఏకపదమయింది. అనంతరం ఆస్ట్రేలియాలోని వేరొక జాతి జంతువుకు కూడా ఆ పేరే వాడుకలోకి వచ్చింది. సమాసం రూఢిగా మారడానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

విలోమ నిష్పత్తి

మర్రే నామకరణాలలో శాస్త్రలోకం ఎక్కువగా స్వీకరించినది బ్యాక్ ఫార్మేషన్. దీనిని విలోమ నిష్పత్తి అనవచ్చు. సాధారణంగా క్రియ నుండి కర్తృవాచకం పుడుతుంది. బర్గ్‌లర్ విషయంలో క్రమం తలక్రిందులైంది. కన్నం వేసే దొంగ అనే అర్థంలో బర్గ్‌లర్ శతాబ్దాలుగా ఉన్నది. దాని చివరి భాగాన్ని కర్త్రర్థక ప్రత్యయంగా ఊహించి, దానిని తొలగించి, బర్గిల్ అనే క్రియను 19వ శతాబ్దిలో పరిహాసంగా కల్పించారు. ఆ క్రియాపదాన్ని వివరించే సందర్భంలో 1880వ దశకం చివర మర్రే ఈ పారిభాషిక పదాన్ని ప్రయోగించారు. ఊరూరా తిరిగి సరుకులమ్మే పెడ్లర్ నుండి పెడిల్ క్రియ ఏర్పడడం కూడా ఈ పద్ధతినే.

సంస్కృతంలోనూ ఇటువంటి నిష్పత్తులున్నవని ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు నిరూపించారు. ఋగ్వేదంలో అసుర శబ్దం దేవతలకు గౌరవవాచకంగా ప్రయుక్తమైంది. అందులోని అకారాన్ని నిషేధార్థకంగా గ్రహించిన తరువాత సుర శబ్దం వెలువడింది. విధవ శబ్దం ఇంకను ఆసక్తికరం. అది అఖండమైన ప్రాచీన పదం. లాటిను విదువా, ఆంగ్లం విడో దానికి సోదరపదాలు. దానిని వి, ధవ అని విభజించడం వలన భర్త అనే అర్థంలో ధవ శబ్దం ఏర్పడింది. యాస్కుడు ఇచ్చిన నిర్వచనాలలో ఈ విభజన కూడా ఒకటి. తెలుగు కావ్యాలలోని ఉమాధవుడు, రమాధవుడు ఈ మార్గంలో వచ్చినవారే. దొంగతనాన్ని తెలిపే ఆంగ్ల క్రియ, దైవతాన్ని తెలిపే సంస్కృత నామం ఒకే సూత్రానికి లోబడడం భాషాప్రకృతిలోని సామాన్యధర్మాన్ని సూచిస్తున్నది.

కాశీ పండితుని సహకారం

మర్రేకు ప్రతిదినం తోడ్పడిన ఫిట్జెడ్వర్డ్ హాల్ చరిత్ర సంస్కృత విద్యార్థులు తెలిసికొనదగినది. 1825లో అమెరికాలోని ట్రాయ్ నగరంలో జన్మించిన హాల్, ఇల్లు విడిచి పోయిన తమ్ముని వెదకుతూ 1846లో భారతదేశానికి బయలుదేరగా, గంగాసాగర ముఖద్వారంలో ఓడ పగిలింది. ప్రాణాలతో బయటపడి, ఈ దేశంలోనే నిలిచి, కాశీలోని ప్రభుత్వ సంస్కృత కళాశాలలో ఆచార్యుడయ్యాడు. సంస్కృత గ్రంథాన్ని పరిష్కరించిన తొలి అమెరికన్ ఆయనే. సుబంధుని వాసవదత్త, ధనంజయుని దశరూపకం ఆయన పరిష్కరించిన గ్రంథాలలోనివి. 1862లో లండను కింగ్స్ కళాశాలలో సంస్కృతాచార్య పదవి పొందారు. 1869లో సహపండితులతో తీవ్ర వివాదాలు రాగా సఫోక్ మండలంలోని పల్లెకు వెళ్లి ఏకాంతవాసం గడిపారు.

ఆ ఏకాంతంలో ఆయన ఆంగ్లపద నిర్మాణంపై దృష్టి సారించారు. రిలయబుల్ అనే పదం అసాధువని నాటి శిష్టులు నిరసించేవారు. రిలై అనే క్రియకు ఆన్ అనే అవ్యయం లేనిదే కర్మ కుదరదు గనుక ప్రత్యయం చేర్చరాదని వారి వాదం. హాల్ 1877లో ఏబుల్ ప్రత్యయాంత విశేషణాలపై ప్రత్యేక గ్రంథం వెలువరించి, లాఫబుల్ వంటి పదాలకు లేని దోషం దీనికి ఎక్కడిదని ప్రయోగపరంపరతో ఖండించారు. అనీయ, తవ్య ప్రత్యయాల ప్రవృత్తిని అభ్యసించిన వానికి ఈ వివేచన సహజమే. మర్రే నిఘంటువు ప్రారంభమైన తరువాత ఆయన సుమారు ఇరవై ఏళ్లపాటు రోజూ నాలుగు గంటలకు తక్కువ కాకుండా ప్రూఫులు దిద్ది, లుప్త ప్రయోగాలను పూరించారు. ప్రతిఫలం ఆశించలేదు. 1901లో హాల్ మరణించేదాకా ఉత్తరాలు నడిచాయే గాని వారిద్దరూ ఒక్కసారి కూడా ముఖాముఖి కలిసికొనలేదు.

అమెరికా సైన్యంలో వైద్యుడుగా ఉండి, మతిభ్రమలో హత్యచేసి బ్రాడ్‌మూర్ ఆశ్రమంలో నిర్బంధితుడైన విలియం చెస్టర్ మైనర్ కూడా వేలాది ప్రయోగాలు పంపాడు. 1891లో మర్రే అక్కడికి వెళ్లేదాకా ఆయన స్థితి తెలియదన్న కథ ప్రచారంలో ఉన్నా, అది ముందే తెలుసునని పరిశోధకులు నిర్ధారించారు.

సాధ్వసాధు వివాదం

గ్రంథం తొలిభాగం ఏ నుండి ఏంట్ వరకు 352 పుటలతో 1884లో వెలువడింది. అప్పటికే ఐదేళ్లు గడిచాయి. అంతకు ముందు సంవత్సరం బేలియల్ కళాశాలాధిపతి బెంజమిన్ జోవెట్‌తో తీవ్ర సంఘర్షణ జరిగింది. మహాకవుల, ప్రామాణిక రచయితల వాక్యాలనే ఉదాహరించాలని, వార్తాపత్రికల వాక్యాలు వద్దని ముద్రణాలయ పక్షాన ఒత్తిడి వచ్చింది. మర్రే వ్రాసిన పీఠికను కూడా జోవెట్ తిరగరాశారు. మర్రే రాజీనామాకు సిద్ధపడ్డారు. మిత్రుల మధ్యవర్తిత్వంతో ఆ ఆపద తొలగింది. పత్రికల ప్రయోగాలు గ్రంథంలో నిలిచాయి.

ఈ వివాదం కేవలం అధికార సంఘర్షణ కాదు. మహాభాష్యకారుడు గోశబ్దానికి గావీ, గోణీ మొదలైన అపభ్రంశాలను పేర్కొని, సాధుశబ్ద జ్ఞానమే ధర్మహేతువన్నాడు. ఆ దృష్టిలో ఏప్రన్, పీ, పెంట్‌హౌస్ మూడూ అపభ్రంశాలే. మర్రే దృష్టిలో అవి చరిత్ర గల పదాలు. పదానికి మూలంలో జరిగిన పొరపాటును చూపవలసిందే, కాని పొరపాటున పుట్టిన పదాన్ని నిఘంటువు నుండి బహిష్కరించే అధికారం సంపాదకునికి లేదు. శిష్టప్రయోగంతో పాటు సామాన్యుని ప్రయోగానికీ ప్రామాణ్యం కల్పించడం వలననే సామాన్య నామాల చరిత్ర వెలుగు చూసింది.

అయితే వివేచనలో ఆయన కూడా పొరబడిన సందర్భం ఉన్నది. అపెండిసైటిస్ అనే పదం వైద్యుల పరిభాష మాత్రమేనని నిపుణుని సలహాపై నిఘంటువులో చేర్చలేదు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఆ వ్యాధి వలననే వాయిదా పడగా ఆ పదం ప్రతి నోటా పలికింది. బాండ్‌మెయిడ్ అనే పదపు చీటీలు ఎక్కడో జారిపోయి, ఆ భాగం అచ్చయిన తరువాత గాని లోపం తెలియలేదు. అది 1933 నాటి అనుబంధంలో చేరింది.

చివరి దశ

1885లో మర్రే ఉపాధ్యాయవృత్తి విడిచి ఆక్స్‌ఫర్డ్ చేరి, బాన్‌బరీ రోడ్డులోని సన్నీసైడ్ గృహంలో స్థిరపడ్డారు. తోటలో కొత్త స్క్రిప్టోరియం కట్టబోగా, తన ఇంటి దృశ్యానికి అడ్డు వస్తుందని పొరుగువారు ఆక్షేపించారు. అందువలన షెడ్డును కొంతమేరకు నేలలోకి దించవలసివచ్చింది. ఆ చెమ్మలో, చలిలో మందపు కోటు తొడుక్కొని, కాళ్లకు గాలి తగలకుండా పెట్టెలో పెట్టుకొని ఆయన పనిచేసేవారు. గ్రంథం పెరిగిపోతున్నదని, ఖర్చు మితిమీరుతున్నదని ముద్రణాలయం 1896లో మరొకసారి ఒత్తిడి తెచ్చినా ఆయన ప్రమాణాన్ని తగ్గించలేదు. హెన్రీ బ్రాడ్లీ, విలియం క్రెయిగీ, చార్లెస్ ఆనియన్స్ క్రమంగా సహసంపాదకులయ్యారు. 1908లో మర్రేకు సర్ బిరుదు లభించింది. ఏ ఆక్స్‌ఫర్డులో ముప్ఫై ఏళ్లు శ్రమించారో ఆ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చినది 1914లో, అంటే ఆయన మరణానికి ఒక ఏడాది ముందు.

ఏ నుండి డి వరకు, హెచ్ నుండి కె వరకు, ఓ, పి, టి అక్షరాలు ఆయన స్వయంగా సంపాదించినవి. అది గ్రంథంలో దాదాపు సగభాగం. టి అక్షరపు పని నడుస్తుండగా 1915 జూలై 26న డెబ్బై ఎనిమిదవ ఏట ఆయన పరమపదించారు. 1928లో గ్రంథం సంపూర్ణమయ్యే నాటికి 15,490 పుటలు, 4,14,825 పదాలు, 18,27,306 ఉదాహరణలు అందులో చేరాయి. పదేళ్ల అంచనా నలభై తొమ్మిదేళ్లయింది.

ఆయన సూత్రీకరించిన మార్గాలలో పదాల పుట్టుక ఆయనతో ఆగలేదు. హాంబర్గ్ నగరనామం నుండి వచ్చిన హాంబర్గర్‌ను హామ్, బర్గర్ అని విడదీసి, 20వ శతాబ్దిలో బర్గర్‌ను స్వతంత్ర పదం చేశారు. ఆ తినుబండారం నేడు తెలుగు పట్టణాలలోనూ అదే పేరుతో అమ్ముడవుతున్నది. నేప్రన్‌కు పట్టిన గతియే హాంబర్గర్‌కూ పట్టింది. పదం విన్నవాడు దానికి ఒక అర్థాన్ని, ఒక విభాగాన్ని వెదకక మానడు. ఆ వెదకులాటలో జరిగిన తప్పులను తప్పులుగానే గుర్తిస్తూ, వాటి ఫలితాలకు భాషలో న్యాయమైన స్థానం కల్పించిన వాడు మర్రే. తెలుగు జానపద వ్యవహారంలోని పదాలకు చారిత్రక నిఘంటువు నిర్మింపబూనే వారికి ఆ దర్జీ కుమారుని ఓర్పు, సాక్ష్యనిష్ఠ రెండూ అనుసరణీయాలు.